క్యాండీ దళదా మాళిగావలో ఎసల పెరహెర: చూడదలచినవారికి మార్గదర్శి

శ్రీలంకలోని క్యాండీ నగరంలో, పాత రాజప్రాసాదాన్ని ఆనుకొని, బుద్ధుని దంతధాతువును భద్రపరిచిన శ్రీ దళదా మాళిగావ ఉంది. ఏటా జులై, ఆగస్టు నెలల్లో ఆ ఆలయం నుంచి బయలుదేరే ఎసల పెరహెర, అంటే ఎసల మాసపు ఊరేగింపు, పది రాత్రులు నగర వీధుల్లో తిరుగుతుంది. దానిని చూడడానికి వెళ్లేవారు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: ఏ రాత్రి చూడాలి, ఎక్కడ కూర్చోవాలి, ఊరేగింపులో ఎవరి తరువాత ఎవరు వస్తారు. మొదటి రెండింటికీ అందరూ శ్రమపడతారు. మూడవదానిని పట్టించుకొనేవారు తక్కువ. వరుస తెలియని వ్యక్తికి ఎంత మంచి కుర్చీ దొరికినా, మూడు గంటలకు పైగా కళ్లముందు నడిచేది ఏనుగులు, కాగడాలు, డప్పుల గుంపుగానే మిగులుతుంది. వరుస తెలిసినవారికి మాత్రం ఒక రాజ్యపు కొలువు, దాని దేవతలు, దాని అధికారులు, దాని సేవకులు ఎవరి స్థానంలో వారు నడుస్తూ కనిపిస్తారు.

తేదీలు తేల్చుకొనే పద్ధతి

ఈ ఉత్సవం చాంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక ఏటా తేదీలు మారుతాయి. ఇంట్లో తెలుగు పంచాంగం ఉన్నవారికి ఒక సులువైన మార్గం ఉంది. రాత్రి ఊరేగింపులలో చివరిది సింహళ క్యాలెండరులో నికిణి పోయ అనే పున్నమి నాడు జరుగుతుంది, అది మన శ్రావణ పూర్ణిమ. జంధ్యాల పున్నమి ఎప్పుడో చూసుకొని అక్కడి నుంచి వెనక్కి పది రాత్రులు లెక్కించుకుంటే పెరహెర రోజులు దాదాపుగా తెలిసిపోతాయి. 2024లో ఆగస్టు 10న మొదలైన రాత్రి ఊరేగింపులు శ్రావణ పూర్ణిమ అయిన 19న ముగిశాయి, మరునాడు పగటి పెరహెర జరిగింది. అధిక మాసం వచ్చిన 2023లో కూడా నిజ శ్రావణ పూర్ణిమ నాడే, ఆగస్టు 30న, చివరి రాత్రి పడింది. అయితే తిథిని లెక్కించే పద్ధతుల్లోని తేడా వల్ల ఒక రోజు అటూ ఇటూ అయ్యే వీలుంది. 2025లో చివరి రాత్రి ఊరేగింపు ఆగస్టు 8న జరిగితే మన క్యాలెండర్లు రాఖీ పున్నమిని 9న చూపాయి. అందువల్ల పంచాంగం చూసి సెలవు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు గాని, విమానం టికెట్టు కొనేముందు మాళిగావ ప్రకటించే తేదీలతో సరిచూసుకోవాలి.

ఈ పది రాత్రుల కంటే ముందే ఉత్సవం మొదలై ఉంటుంది. అమావాస్య దాటాక శుభముహూర్తాన, ఇంకా కాపుకు రాని పాలుగారే పనస చెట్టును కొట్టి, దాని కాండాన్ని నాలుగు భాగాలు చేసి, నగరంలోని నాథ, విష్ణు, కతరగమ, పత్తిని అనే నాలుగు దేవాలయాల ఆవరణల్లో ఒక్కొక్క భాగాన్ని పాతుతారు. దీనిని కప్ నాటడం అంటారు. మన ఇళ్లలో పెళ్లికి ముహూర్తపు రాట వేసినట్టే, ఇది పడ్డాక ఉత్సవం ఆగడానికి వీల్లేదు. ఆ తరువాతి ఐదు రోజులూ సాయంత్రం వేళ ఆయా దేవాలయాల పూజారులు మేళతాళాలతో ఆ స్తంభం చుట్టూ తిరుగుతారు. అది లోపలి కార్యక్రమం, బయటివారు చూడడానికి ఏర్పాట్లేవీ ఉండవు. తరువాతి ఐదు రాత్రులు కుంబల్ పెరహెర, ఆ తరువాతి ఐదు రాత్రులు రన్‌దోలి పెరహెర. కుంబల్ రాత్రుల్లో ఏనుగులు, నర్తకులు తక్కువగా ఉంటారు. రోజు రోజుకూ సంఖ్య పెరుగుతూ, అలంకారం హెచ్చుతూ, చివరి రన్‌దోలి రాత్రికి ఊరేగింపు పూర్తి రూపానికి వస్తుంది.

ఏ రాత్రి చూడాలన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు చివరి రన్‌దోలి. నా అభిప్రాయం వేరు. చివరి రాత్రి దేశం నలుమూలల నుంచి వచ్చే జనంతో నగరం కిక్కిరిసిపోతుంది, మధ్యాహ్నానికే కాలిబాటల మీద చోటు అయిపోతుంది, కుర్చీల ధరలు, గదుల అద్దెలు ఆ రాత్రికి గరిష్ఠానికి చేరతాయి. రెండవ లేదా మూడవ రన్‌దోలి రాత్రి ఊరేగింపు వైభవంలో పెద్దగా తేడా ఉండదు, తొక్కిడి మాత్రం కొంత తక్కువ. చిన్నపిల్లలు, వృద్ధులు వెంట ఉన్న కుటుంబాలకు కుంబల్ రాత్రే మేలు, ఎందుకంటే అది త్వరగా ముగుస్తుంది, మధ్యలో లేచి వెళ్లవలసి వచ్చినా దారి దొరుకుతుంది. రెండు రాత్రులు కేటాయించగలిగినవారు చివరి కుంబల్ రాత్రినీ, మొదటి రన్‌దోలి రాత్రినీ వరుసగా చూస్తే, నిన్నటికీ ఈనాటికీ ఏమేమి చేరాయో తమ కళ్లతోనే పోల్చుకోగలుగుతారు.

ఈ ఆలయానికీ తెలుగువారికీ ఉన్న సంబంధం

ప్రయాణపు ఏర్పాట్లలోకి వెళ్లేముందు కొంత చరిత్ర తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఊరేగింపు వరుసకు కారణం అందులోనే ఉంది. దంతధాతువు మొదట కళింగ రాజధాని దంతపురంలో ఉండేదనీ, క్రీస్తుశకం 4వ శతాబ్దంలో శత్రువుల దాడి ముంచుకువచ్చినప్పుడు గుహశివుడనే రాజు కూతురు హేమమాల దానిని తన కొప్పులో దాచి, భర్త దంతకుమారుడితో కలిసి సముద్రం దాటించి సింహళానికి చేర్చిందనీ బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటేనని వాదించేవారున్నారు, ఒడిశాలోని పూరీ అనేవారూ ఉన్నారు. 5వ శతాబ్దంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ అనురాధపురంలో దంతధాతువు ఊరేగింపును చూసి రాశాడు. రాజధాని ఎక్కడికి మారితే ధాతువు కూడా అక్కడికి మారింది, ఎందుకంటే అది ఎవరి అధీనంలో ఉంటే వారిదే రాజ్యాధికారమని సింహళ ప్రజలు నమ్మేవారు. ఆ విధంగా 16వ శతాబ్దం చివర విమలధర్మసూర్యుడి కాలంలో అది క్యాండీ చేరింది. ఇప్పుడు మనం చూసే గర్భాలయాన్ని 1707 నుంచి 1739 వరకు పాలించిన వీర నరేంద్ర సింహుడు కట్టించాడు.

ఆ రాజుకు పట్టాభిషేకానికి అర్హుడైన కొడుకు లేకపోవడంతో, మధుర నుంచి వచ్చిన నాయక వంశపు రాణి సోదరుడు 1739లో శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో సింహాసనం ఎక్కాడు. మధుర నాయకులతో బంధుత్వం ఉన్న, తెలుగు మూలాలు గల ఆ కుటుంబమే 1815 వరకు క్యాండీని పాలించింది. ఇంటి ఆచారం ప్రకారం శైవులైనప్పటికీ ఈ రాజులు బౌద్ధాన్ని ఆదరించారు. వారిలో రెండవవాడైన కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలో, దేశంలో భిక్షువులకు ఉపసంపద, అంటే పూర్తిస్థాయి భిక్షుదీక్ష, ఇచ్చే పరంపరే తెగిపోయి ఉండగా, 1753లో సయాం దేశం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి ఉపాలి థేరుడు అనే పెద్ద భిక్షువు వచ్చి దానిని పునరుద్ధరించాడు. అప్పటివరకు ఎసల పెరహెర ప్రధానంగా దేవతల ఉత్సవం. బౌద్ధ రాజ్యంలో బుద్ధధాతువు లేకుండా దేవతలు ఊరేగడం సయాం భిక్షువులకు వింతగా తోచిందనీ, దానిపై కీర్తి శ్రీ దంతధాతువు ముందు నడవాలనీ, నలుగురు దేవతలు దాని వెనుక రావాలనీ ఆజ్ఞాపించాడనీ చెబుతారు. ఈనాటికీ నడిచేది ఆ క్రమమే. ఒక శైవ కుటుంబపు రాజు నిర్ణయించిన వరుసలో బౌద్ధ ఉత్సవం రెండున్నర శతాబ్దాలుగా సాగుతున్నదన్నమాట.

ఆ వంశంలో చివరివాడైన శ్రీ విక్రమ రాజసింహుడు ఆలయం ముందున్న ఎనిమిది పలకల పత్తిరిప్పువ మండపాన్నీ, పక్కనే ఉన్న సరస్సునూ కట్టించాడు. 1815లో బ్రిటిషువారు ఆయనను బంధించారు. ఆలయ ప్రాంగణం పక్కనున్న మగుల్ మడువ అనే చెక్క స్తంభాల సభామండపంలోనే ఆ మార్చి 2న రాజ్యాన్ని అప్పగించే ఒడంబడిక జరిగింది. రాజును వేలూరు కోటకు తరలించారు, 1832లో అక్కడే చనిపోయాడు. ఈ మండపాన్ని దాటి పోయేవారు ఒక నిమిషం ఆగి, ఆ స్తంభాల చెక్కడాన్ని చూడడం మంచిది.

చేరడం, బస

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నరకు కాస్త అటూ ఇటూ పడుతుంది. వీసా నిబంధనలు, రుసుములు ఈ కొన్నేళ్లలో పలుసార్లు మారాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ అధికారిక ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) వెబ్‌సైటులోనే చూసుకోవాలి, దళారుల వెబ్‌సైట్లను నమ్మకూడదు. కొలంబో ఫోర్ట్ స్టేషను నుంచి క్యాండీకి రైలులో సుమారు మూడు గంటలు. రంబుక్కన దాటాక కొండ ఎక్కే దారి అందమైనదే గాని, పెరహెర రోజుల్లో రిజర్వేషను లేనివారికి నిలబడే చోటు కూడా కష్టం. టికెట్ల అమ్మకం మొదలైన రోజే కొనుక్కోవాలి. బస్సులు చాలా ఉంటాయి.

గది విషయంలో ఒకే ఒక్క సూత్రం పాటిస్తే చాలు: ఊరేగింపు వీధుల నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలి. సాయంత్రానికి నగరం నడిబొడ్డున వాహనాలను ఆపేస్తారు, ఊరేగింపు ముగిసే సరికి అర్ధరాత్రి కావస్తుంది, ఆ వేళ ఆటో దొరకడం గగనం. పేరాదెణియ, కటుగస్తోట వంటి శివారుల్లో చౌకగా గది దొరికినా, తిరిగి వెళ్లే ఏర్పాటు ముందుగా ఖాయం చేసుకోకుండా అక్కడ దిగకూడదు. నగరం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఆగస్టులో చిరుజల్లులు మామూలే. గొడుగు విప్పితే వెనుకవారికి కనిపించదు గనుక రెయిన్‌కోటు తీసుకువెళ్లాలి. కాగడాల నిప్పురవ్వలు ఎగిరిపడే చోట కూర్చుంటాం కాబట్టి నూలు బట్టలే వేసుకోవాలి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. అక్కడి కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో కూడా ఉంబలకడ అనే ఎండు చేపపొడి వేస్తారు. చూడడానికి తెలియదు. ‘ఉంబలకడ నెతువ’, అంటే అది లేకుండా, అని అడగడం నేర్చుకుంటే ఇబ్బంది ఉండదు. తమిళం వచ్చినవారికి క్యాండీ దుకాణాల్లో మాట సులువుగా సాగుతుంది.

చోటు చూసుకోవడం

ఊరేగింపు మాళిగావ నుంచి బయలుదేరి దళదా వీధి, డి.ఎస్. సేనానాయక వీధి, రాజవీధి వంటి ప్రధాన వీధుల మీదుగా తిరిగి ఆలయానికి చేరుతుంది. కుంబల్ రాత్రుల దారికీ రన్‌దోలి రాత్రుల దారికీ తేడా ఉంటుంది కాబట్టి, ఆ రోజు దారి ఏదో ఉదయమే బస చేసిన చోట అడిగి తెలుసుకోవాలి.

కూర్చోవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది కాలిబాట. దానికి పైకం అక్కర్లేదు. మధ్యాహ్నం నుంచే కుటుంబాలు చాపలు, ప్లాస్టిక్ పట్టాలు పరుచుకొని, అన్నం పొట్లాలతో కూర్చుంటాయి. ఎండను, ఆపైన వానను ఓర్చుకోగలిగినవారికి ఇంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే ఏనుగు పాదాల గజ్జెల చప్పుడు, నర్తకుల ముఖాల మీది చెమట కనిపించేంత దగ్గరగా ఊరేగింపు సాగుతుంది, పక్కనున్న అమ్మమ్మలు ఎవరు వస్తున్నారో చెబుతూనే ఉంటారు. వారు ఎప్పుడు చేతులు జోడిస్తే అప్పుడు జోడించడం, ఎప్పుడు లేస్తే అప్పుడు లేవడం, కొత్తవారు నేర్చుకోవలసిన మర్యాదంతా ఇంతే.

రెండవది డబ్బు చెల్లించి హోటళ్ల, దుకాణాల ముందు వేసిన కుర్చీల్లోనో మేడ మీది వసారాల్లోనో కూర్చోవడం. ధర ముందుగా చెల్లించేటప్పుడు ఆ చోటును పగటివేళ స్వయంగా చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. స్తంభమో చెట్టు కొమ్మో అడ్డు వస్తుందేమో, ముందు వరుసల్లో ఇంకా కుర్చీలు వేయబోతున్నారేమో, పైకప్పు ఉందో లేదో, మరుగుదొడ్డి ఎక్కడో అడిగి తెలుసుకోవాలి. ఈ చివరి ప్రశ్నను సిగ్గుపడి విడిచిపెట్టినవారే ఎక్కువ బాధపడతారు, ఎందుకంటే ఊరేగింపు మొదలయ్యాక వీధి దాటనివ్వరు. మేడ మీద నుంచి చూస్తే కాగడాల బారు, నర్తకుల పంక్తుల అమరిక బాగా తెలుస్తాయి. వాద్యాల హోరు, కొబ్బరి కాలే వాసన కిందివారికే దక్కుతాయి. ఒకే రాత్రి చూసేవారికి నేను కింది వరుసనే సూచిస్తాను.

1998 జనవరిలో ఎల్‌టీటీఈ ఈ ఆలయం ముందు బాంబులు నింపిన లారీని పేల్చింది. అప్పటి నుంచి ఆలయ పరిసరాల్లో తనిఖీలు కట్టుదిట్టంగా ఉంటాయి. పెద్ద సంచులు తేకుండా, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకొని వెళ్లాలి. డ్రోన్ల జోలికి పోకూడదు.

ఎవరి తరువాత ఎవరు

సాయంత్రం చీకటిపడ్డాక, ఆ రోజుకు నిర్ణయించిన శుభఘడియలో ఫిరంగి మోగుతుంది. కాసేపటికి మొదట వినిపించేది కొరడా చప్పుడు. కొరడాలు ఝళిపించేవారు ముందు నడిచి దారి తొలగమని హెచ్చరిస్తారు. చిన్నపిల్లలు ఈ చప్పుడుకు ఉలిక్కిపడతారు, వారికి ముందే చెప్పి ఉంచాలి. వారి వెనుక నిప్పు బంతులు తిప్పేవారు, ఆపైన రాజ్యంలోని పూర్వపు ప్రాంతాల పతాకాలు పట్టుకున్నవారు వస్తారు. ఆ తరువాత వచ్చే మొదటి ఏనుగును జాగ్రత్తగా చూడాలి. దాని మీద కూర్చున్న అధికారి పెరముణ రాళ, అంటే ముందు నడిచే అధికారి. అతని చేతిలోని తాటాకుల గ్రంథం ఊరేగింపు నడిపే అధికారానికి గుర్తు. రాజు లేని ఈ కాలంలోనూ ఆ పత్రం లేకుండా పెరహెర కదలదు.

వారి వెనుక డోళ్ల మేళం, ఇంకో ఏనుగు మీద వెండి అంకుశం పట్టుకున్న గజనాయక నిలమే, అంటే రాజు గజశాల అధిపతి పాత్రలో ఉన్నవాడు, ఆపైన వరుసలుగా నర్తకులు. నర్తకుల్లో వెండి కిరీటం, ఛాతీ మీద పూసల వల ధరించి వచ్చేవారు వెస్ నర్తకులు. ఆ కిరీటం ధరించే అర్హత సుదీర్ఘ శిక్షణ తరువాత, ప్రత్యేకమైన క్రతువుతో వస్తుంది. వీరి అడుగుకు తాళం ఇచ్చే పొడవైన రెండు ముఖాల వాద్యం గెటబెర. దానితో పాటు దవుల, తమ్మెట్టమ, హొరణెవ అనే సన్నాయి వినిపిస్తాయి. మన డోలు, తాషా, సన్నాయిలతో చెవికి పరిచయం ఉన్నవారు ఏ వాద్యం ఏదో తేలికగానే గుర్తుపడతారు.

ఈ మొత్తానికి వెలుగు ఇచ్చేది విద్యుద్దీపాలు కావు. కొబ్బరి కురిడీలను ఇనుప బుట్టల్లో మండిస్తూ మోసే కాగడాలవారు రెండు వైపులా నడుస్తారు, వారి వెంట గోనెసంచుల్లో కురిడీలు మోసుకుంటూ, మంట తగ్గినచోటల్లా వేస్తూ పోయేవారు కొందరు ఉంటారు. వీరి పేర్లు ఏ ప్రకటనలోనూ కనబడవు, కానీ వీరి చెయ్యి ఒక్క నిమిషం ఆగితే వీధి చీకటైపోతుంది. కాగడా మీ ముందుకు వచ్చినప్పుడు ముఖం కాస్త వెనక్కి జరుపుకోవాలి.

అప్పుడు వస్తుంది మాళిగావ ఏనుగు. పొడవైన దంతాలు గల ఆ గజం నడిచే దారిలో తెల్లని వస్త్రం పరుస్తూ పోతారు, అది నేల మీద అడుగు పెట్టదు. అంబారీలో కరండం, అంటే స్తూపాకారపు బంగారు భరిణ ఉంటుంది. దంతధాతువు ఇప్పుడు ఆలయం దాటి బయటికి రాదు, ఊరేగేది భరిణకు ప్రతిరూపమే. అయినా భక్తులకు ఆ తేడా లేదు. ఆ ఏనుగు సమీపిస్తుండగానే కుర్చీల్లోని వారంతా లేచి నిలబడతారు, ‘సాధు, సాధు’ అని చేతులెత్తుతారు. ఆ సమయంలో కూర్చొని ఉండడం, అడ్డంగా నిలిచి సెల్ఫీ తీసుకోవడం తప్పు. ఫ్లాష్ ఎప్పుడూ వాడకూడదు, అది ఏనుగులను బెదరిస్తుంది. మాళిగావ భాగానికి చివర, అంచెలంచెలుగా చుట్టిన వస్త్రాలతో, ఎంబ్రాయిడరీ టోపీతో దియవడన నిలమే నడుస్తాడు. ధాతువుకు కైంకర్య జలం సమకూర్చడం పూర్వం ఈ పదవి విధి, ఇప్పుడు ఆలయ నిర్వహణ బాధ్యత ఆయనదే. మల్వత్త, అస్గిరియ విహారాల మహానాయకులతో, అంటే ప్రధాన భిక్షువులతో కలిసి ధాతువుకు సంరక్షకుడు.

ఇక్కడే చాలామంది పర్యాటకులు లేచిపోతారు. అది పెద్ద పొరపాటు. ఇంకా నాలుగు ఊరేగింపులున్నాయి, కీర్తి శ్రీ ఆజ్ఞకు అర్థం వాటిలోనే తెలుస్తుంది. మొదట నాథ దేవాలయం. మాళిగావ ఎదుట ఉన్న ఈ గుడి 14వ శతాబ్దానిది, క్యాండీలో ఇప్పుడున్న కట్టడాల్లో అతి పాతది. నాథుడిని అవలోకితేశ్వరుడిగా, రాబోయే బుద్ధుడిగా కొలుస్తారు. రెండవది విష్ణు దేవాలయం. మూడవది కతరగమ, మన కుమారస్వామి. ఈ భాగంలో కావళ్లు ఎత్తుకొని ఆడేవారుంటారు, తమిళనాడు మురుగన్ గుళ్లు చూసినవారికి ఆ ఆట కొత్త కాదు. చివరిది పత్తిని, అంటే కణ్ణగి దేవత. ఈ ఒక్క భాగంలోనే స్త్రీల నృత్యాలు ప్రధానం. ఒక్కొక్క దేవాలయానికీ తన పతాకాలు, తన మేళం, దేవత ఆయుధాలు మోసే తన ఏనుగు, తన బస్నాయక నిలమే, అంటే ఆ గుడి నిర్వహణాధికారి, ఉంటారు. రన్‌దోలి రాత్రుల్లో ఊరేగింపు చివర మూసిన పల్లకీలు వస్తాయి. రాజుల కాలంలో రాణుల పల్లకీలు నడిచిన స్థానం అది. చిట్టచివరి పల్లకీ దాటేవరకు కూర్చోవాలి.

ఉదయం ఆలయ దర్శనం

ఊరేగింపు చూడడానికి వెళ్లినవారు ఆలయంలోకి వెళ్లడం మర్చిపోతారు, లేదా సాయంత్రం వెళ్లి జనంలో చిక్కుకుంటారు. ఉదయం పూజవేళకు వెళ్లడం మంచిది. రోజుకు మూడుసార్లు, తెల్లవారుజామున, ఉదయం, సాయంత్రం, డోళ్ల మోతతో పూజ జరుగుతుంది, ఆ వేళల్లో పై అంతస్తులోని ధాతుగర్భం తలుపు తెరిచి భక్తులను వరుసగా ముందు నుంచి పోనిస్తారు. కనిపించేది భరిణ మాత్రమే. పెరహెర రోజుల్లో వేళలు మారవచ్చు కనుక ముందురోజు విచారించుకోవాలి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి, తెల్లనివైతే మేలు. చెప్పులు, టోపీ బయటే విడిచిపెట్టాలి. పూలు కొనుక్కోవాలంటే ఆవరణ దగ్గర తామరలు, నీలి కలువలు, దేవగన్నేరు పూలు అమ్ముతారు. బుద్ధునికి సమర్పించే పువ్వును ముందుగా వాసన చూడకూడదన్నది మన ఆచారమే గనుక వేరుగా చెప్పనక్కర్లేదు. విగ్రహానికి వీపు పెట్టి నిలబడి ఫొటో తీయించుకోవడం మాత్రం అక్కడ ఘోరమైన అపచారం. ఒంటి మీద బుద్ధుని బొమ్మ పచ్చబొట్టు ఉన్నవారు దానిని కప్పుకోవాలి. పోయ నాడు, అంటే పున్నమి రోజున, దేశమంతటా మద్యం, మాంసం అమ్మకాలు నిషేధం.

ఆవరణలోనే రాజా అనే ఏనుగు పేర ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. దశాబ్దాల పాటు కరండాన్ని మోసి 1988లో చనిపోయిన ఆ గజపు దేహాన్ని అక్కడ భద్రపరిచారు. ఏనుగుల విషయం వచ్చింది గనుక ఇంకొక మాట. 2019 ఆగస్టులో టికిరి అనే 70 ఏళ్ల బక్కచిక్కిన ఆడ ఏనుగును ఈ ఊరేగింపులో నడిపించిన ఫొటోలు ప్రపంచమంతటా విమర్శకు గురయ్యాయి, నెలరోజులకు అది చనిపోయింది. కాళ్లకు సంకెళ్లతో, పొగ, మంట, చప్పుళ్ల మధ్య వాటిని నడిపించడం సరైనదేనా అన్న ప్రశ్న శ్రీలంకలోనూ ఉంది. వెళ్లాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారు తేల్చుకోవలసినది. వెళ్లినవారు మాత్రం ఏనుగులను తాకడం, తినిపించడం, వాటికి దగ్గరగా ఈల వేయడం వంటివి చేయకూడదు.

చివరి రాత్రి తరువాత

చివరి రన్‌దోలి ముగిశాక కరండం తిరిగి మాళిగావకు వెళ్లదు. ఆ రాత్రి అస్గిరియ గెడిగే విహారంలో ఉంటుంది. దేవాలయాలవారు మాత్రం తెల్లవారకముందే గెటంబె రేవులో మహావేలి నది దగ్గరికి చేరుతారు. పడవలో నదిలోకి వెళ్లి, కత్తితో నీటిపై వృత్తం గీసి, నిరుడు నింపిన కలశాల్లోని నీటిని వదిలి, ఆ వృత్తంలోంచి కొత్త నీటిని నింపుకొంటారు. ఆ నీరు వచ్చే ఏడాది వరకు దేవాలయాల్లో ఉంటుంది. దియ కెపీమ అనే ఈ నీళ్లు కోసే క్రతువును దగ్గరగా చూడడం కష్టం, ఒడ్డున దూరం నుంచే చూడాలి. అక్కడి నుంచి తిరుగుదారిలో వారు కటుకెలె దగ్గరి వినాయకుడి కోవెలలో ఆగుతారు.

అదే రోజు మధ్యాహ్నం అస్గిరియ నుంచి వచ్చే మాళిగావ ఊరేగింపూ, దేవాలయాల ఊరేగింపులూ కలిసి పగటి పెరహెరగా ఆలయానికి తిరిగివస్తాయి. రాత్రి కాగడాల వెలుగులో స్పష్టంగా కనిపించని ఏనుగుల ముసుగు వస్త్రాల రంగులు, కిరీటాల చెక్కడం అప్పుడు బాగా తెలుస్తాయి, జనం కూడా చివరి రాత్రికంటే తక్కువ. ఫొటోలు తీసుకోదలచినవారికి ఇదే సరైన రోజు. దీనికోసం ఒక రోజు అదనంగా కేటాయించి, తిరుగు రైలును ఆ సాయంత్రానికి కాక మరునాడు ఉదయానికి పెట్టుకోవాలి. ఆగస్టులో వీలుపడనివారు జనవరిలో కొలంబో పక్కనున్న కెలణియ రాజమహావిహారంలో జరిగే దురుతు పెరహెరకు వెళ్లవచ్చు. కొలంబో నుంచి అక్కడికి బస్సులో కొద్దిసేపే, గదికోసం ఇంత పోటీ ఉండదు.